అల్జీర్స్ నగర పోరులో ఫ్రెంచి సైన్యమే గెలిచింది కదా, మరి అల్జీరియాకు స్వాతంత్ర్యం ఎలా వచ్చింది?

1957లో, ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న గెరిల్లా దళాలను ఫ్రెంచి సైన్యం తుడిచిపెట్టిన మాట నిజమే, కానీ అందుకు వాడిన పద్ధతులే అక్కడి జనాన్ని ఫ్రాన్స్‌కు శాశ్వతంగా దూరం చేశాయి.

ఆ జనవరిలో ఫ్రెంచి జనరల్ మస్సూ కింద ఉన్న పారాట్రూపర్లకు నగరంలో పోలీసు అధికారాలు అప్పగించారు. కస్బా అనే పాత అల్జీరియన్ బస్తీ ఇరుకు సందుల్లో ఇళ్లకు నంబర్లు వేసి, ఎవరొచ్చినా ఎవరెళ్లినా చెప్పే బాధ్యత అక్కడివాళ్ల మీదే పెట్టారు. అనుమానం వస్తే చాలు, అర్ధరాత్రి ఎత్తుకెళ్లి కరెంటు షాకులిచ్చేవాళ్లు. సెప్టెంబరులో గెరిల్లా దళనాయకుడు యాసెఫ్ సాది దొరికిపోయాడు. అక్టోబరులో మరో గెరిల్లా అలీ లా పాయింట్‌ను దాక్కున్న ఇంటితో సహా పేల్చేశారు. గెరిల్లాల బాంబులు ఆగాయి.

కానీ మోరిస్ ఓదాన్ సంగతి చూడండి. 25 ఏళ్ల గణిత అధ్యాపకుడు, కమ్యూనిస్టు. జూన్‌లో ఇంట్లోంచి పట్టుకెళ్లారు, మళ్లీ కనిపించలేదు. పారిపోయాడని సైన్యం చెప్పింది. చిత్రహింసల వ్యవస్థే అతని ప్రాణం తీసిందని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒప్పుకునేసరికి 2018 వచ్చింది! ఫ్రెంచి పౌరుడికే ఈ గతి పడితే కస్బా కుర్రాళ్ల మాట చెప్పాలా?

బాంబులే ఫ్రాన్స్‌ను వెళ్లగొట్టాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1956లో అల్జీర్స్‌లోని మిల్క్ బార్ అనే కెఫేలో గెరిల్లాలు పెట్టిన బాంబుకు బలైంది అక్కడ కూర్చున్న మామూలు మనుషులు, ఆ ఘోరాన్ని తక్కువ చేయకూడదు. దళాలు చెదిరిపోయిన మూడేళ్లకు, 1960 డిసెంబరులో, అదే నగరంలో ఆడా మగా అల్జీరియా జెండాలతో వీధుల్లోకి వచ్చారు. సైన్యం కాల్పులు జరిపినా ఉద్యమం ఆగలేదు. 1962 మార్చిలో ఫ్రాన్స్‌తో యుద్ధం ఆపే ఎవియాన్ ఒప్పందం, జులైలో స్వాతంత్ర్యం.