రంగు కంటే ముందు చెమ్మ చూడన్నా

అన్నా, హన్మకొండల ఇల్లు కిరాయికి ఇద్దామంటే హాలు చీకటిగ ఉన్నదని, కిటికీ కింద పెచ్చులు ఊడుతున్నయని, ఏ రంగు వేయించాలని అడిగినవ్ కదా. రంగు సంగతి తర్వాత, ముందు ఆ పెచ్చుల పని చూడు.

కాజీపేటల మా ఇంటికి వానాకాలంలనే తొందరపడి లప్పం పెట్టించిన. సంక్రాంతికల్లా గోడ బుడగలు లేచి, గోరుతో గీకితే పిండి లెక్క రాలింది. ఎంత బాధైందో! నువ్వు అట్ల చేయకు. ఆ చోట అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవర్ నాలుగు దిక్కులా టేపుతో అంటించి ఒకరోజు ఉంచు. కవర్ లోపలి వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచే వస్తున్నట్టు. బయట కిటికీ చుట్టూ పగుళ్లున్నయా, పైపు కారుతున్నదా చూసి బాగుచేయించు, గోడ పూర్తిగ ఆరనియ్యి. పాత సున్నం ఉంటే మొత్తం గీకించాలె, దాని మీద లప్పం నిలవదు.

ఆ తర్వాత లప్పం, దాని మీద రంగు పట్టేతందుకు ప్రైమర్, ఆ పైన రెండు పూతలు ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగు. హాలుకు మీగడ రంగు నా మాటగా వేయించు. వెలుతురు తక్కువున్న గదిల ఉత్త తెలుపు బూడిద లెక్క కొడతది. స్లాబుకు తెలుపే. పాత గోడకు మెరిసే రకం వద్దు, ఎత్తుపల్లాలన్నీ బయటపడతయ్, మెరుపులేని మ్యాట్ రకం అయితే కప్పేస్తది. వంటింటికి తుడుచుకునే వీలుండే, కొద్దిగ మెరిసే సాటిన్ రకం మంచిది.

చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగులు పూసి, పొద్దున, సాయంత్రం, రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూసినంకనే పెద్ద డబ్బాలు కొను.