‘బ్లర్’ అంటే ఏం దిద్దుకోవాలి?

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున తీసిన ఫొటోలు చూపిస్తే మిత్రులు ‘సూపర్’ అంటారు, లేదంటే ‘బ్లర్’ అని వదిలేస్తారు. పనికొచ్చే మాట ఎలా రాబట్టాలి?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ‘ఎలా ఉంది?’ అనకండి. ‘చూపు మొదట వల లాగే మనిషి మీదికే పోతోందా?’ అని అడగండి. షట్టర్ (కాంతి పడే సమయం), అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) రాసివ్వండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

బ్లర్ అన్నవారిని 100 శాతం జూమ్‌లో చూడమనండి. ఫ్రేమంతా ఒకే దిక్కుకు సాగితే చెయ్యి కదిలినట్టు. మనిషొక్కడే చెదిరితే 1/30 సెకను లాంటి షట్టర్ వేగం చాల్లేదు. 1/250 పెట్టి, తగ్గే వెలుతురుకు ఐఎస్ఓ పెంచాలి. మనిషి చెదరకుండా మసకగా, వెనక పడవ స్పష్టంగా ఉంటే ఫోకస్ అక్కడికి పోయింది. మూడింటికీ మందు వేరు. మీరు ఇతరుల ఫొటోల గురించి చెప్పేటప్పుడూ ఎక్కడ, ఎందుకు, ఏం చేయాలో చెప్పండి. వినేటప్పుడు మాత్రం దయచేసి మధ్యలో సమర్థించుకోకండి, రాసుకోండి.