‘ఒక్కోసారి’ అనే మాట తీసెయ్

సౌజన్యా,

టెర్మినల్ నుంచి అప్లికేషన్లను నడపడం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. మూడో పేజీలో మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: “ఈ స్క్రిప్టు ఒక్కోసారి పనిచేయదు, అప్పుడు మళ్లీ రన్ చేయండి.” ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే.

‘ఒక్కోసారి’ అన్నది కారణం కాదమ్మా. నీ పాఠకుడు ఆ స్క్రిప్టును తీసుకెళ్లి రాత్రి రెండింటికి దానంతటదే నడిచేలా క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌లో) పెట్టుకుంటాడు. ఆ వేళ మళ్లీ రన్ చేయడానికి అక్కడ ఎవరుంటారు?

ఆ వాక్యానికి పైనున్న రెండు లైన్లు చూడు. ‘స్లీప్ 5’, దాని కింద ‘ఎక్స్‌డూటూల్ మౌస్‌మూవ్ 640 412 క్లిక్ 1’. మొదటిది ఐదు సెకన్లు ఆగమంటుంది. రెండోది, మనిషి బదులు మౌస్, కీబోర్డు నొక్కే ఎక్స్‌డూటూల్‌తో, ఆ చోట క్లిక్ చేయిస్తుంది. విండో ఐదు సెకన్లలో తెరుచుకుంటుందని నీకు ఎవరు హామీ ఇచ్చారు? డిస్కు బిజీగా ఉంటే ఎనిమిది పడుతుంది, నీ క్లిక్ వెళ్లి వెనకున్న విండో మీద పడుతుంది. 640, 412 అన్నది నీ స్క్రీన్ మీద బటన్ ఉన్న చోటు. స్కేలింగ్ 125 శాతం పెట్టుకున్నవాడికి, రెండో మానిటర్ తగిలించుకున్నవాడికి అక్కడ ఇంకేదో ఉంటుంది. అది డిలీట్ బటన్ కూడా కావచ్చు.

అసలు నువ్వు చేయబోయింది డాక్యుమెంటును పీడీఎఫ్‌గా మార్చడం. దానికి మౌస్ ఎందుకు? లిబ్రేఆఫీస్‌కు సొంత దారి ఉంది: ‘ఎస్‌ఆఫీస్’ తర్వాత ‘--హెడ్‌లెస్’, ‘--కన్వర్ట్-టు పీడీఎఫ్’, ‘--అవుట్‌డిర్’, చివర ఫైలు పేరు. విండో తెరవకుండానే పని అయిపోతుంది. ఇక్కడా ఒక ‘ఒక్కోసారి’ ఉంది, దాని కారణం మాత్రం తెలిసిందే. అదే యూజర్ లిబ్రేఆఫీస్‌ను అప్పటికే తెరిచి పెట్టుకుంటే, రెండూ ఒకే ప్రొఫైల్ (సెట్టింగుల ఫోల్డర్) మీద పడతాయి. కొత్తది చాలాసార్లు కిక్కురుమనకుండా వెనక్కి వచ్చేస్తుంది, ఫైలు ఉండదు. ‘-ఎన్వ్:యూజర్‌ఇన్‌స్టలేషన్’ ఆప్షన్‌తో వేరే ఫోల్డర్‌ను ప్రొఫైల్‌గా ఇస్తే గొడవ తీరుతుంది. ఎగ్జిట్ కోడ్ సున్నా, అంటే ‘తప్పు జరగలేదు’ అని వచ్చింది కదా అని నమ్మకు. పీడీఎఫ్ పుట్టిందా, సైజు సున్నా కాకుండా ఉందా అన్నది స్క్రిప్టులోనే చూసుకో.

బొమ్మలు దిద్దే గింప్ 2.10కి కూడా విండో లేకుండా నడిపే ‘-ఐ’, కమాండు అందించే ‘-బి’ ఆప్షన్లు ఉన్నాయి. చివర ‘గింప్-క్విట్ 0’ కమాండు ఇవ్వకపోతే, పని ముగిసినా ప్రాసెస్ అలాగే కూర్చుంటుంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌కు నువ్వు రాసిన ‘--ఎక్స్‌పోర్ట్-పీఎన్‌జీ’ పాత పద్ధతి. 2020లో వచ్చిన 1.0 నుంచి ‘--ఎక్స్‌పోర్ట్-ఫైల్‌నేమ్’ వాడాలి. వెర్షన్ నంబరు తప్పకుండా రాయి. ‘పాఠకుడికి బరువు’ అని నా వ్యాసాల్లోంచి వెర్షన్లు, తప్పులు జరిగే తీరు కోసేసి, వాటి బదులు స్క్రీన్‌షాట్లు పెట్టిన ఎడిటర్లున్నారు. రెండేళ్ల తర్వాత ఆ వ్యాసం చదివినవాడికి స్క్రీన్‌షాట్ దేనికి పనికొస్తుంది? ఆ కోతకు ఒప్పుకోకు.

ఇప్పటికే నడుస్తున్న అప్లికేషన్‌తో మాట్లాడాలంటే డీ-బస్ దారి, అంటే ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే వ్యవస్థ. లైనక్స్‌లో చాలా మ్యూజిక్ ప్లేయర్లు ఎంప్రిస్ అనే ఒకే ఇంటర్‌ఫేస్ ఇస్తాయి. ‘ప్లేయర్‌సీటీఎల్ ప్లే-పాజ్’ అంటే చాలు, విండో ఎక్కడున్నా, మినిమైజ్ అయి ఉన్నా పాట ఆగుతుంది. మిగతా అప్లికేషన్లు ఏ మెథడ్లు (బయటినుంచి పిలవగల పనులు) ఇస్తున్నాయో ‘జీడీబస్ ఇంట్రోస్పెక్ట్’ చూపిస్తుంది. ఇదే కమాండు క్రాన్‌లో ఎందుకు పడిపోతుందో ఒక పేరా రాయి: నీ డెస్క్‌టాప్ సెషన్ డీ-బస్ చిరునామా ఉండే ‘డీబస్_సెషన్_బస్_అడ్రస్’ క్రాన్‌కు తెలియదు. సిస్టమ్‌డీ ఉన్న మెషీన్లలో మామూలుగా అది ‘యూనిక్స్:పాత్=/రన్/యూజర్/1000/బస్’. ఆ 1000 నీ యూజర్ ఐడీ. విండో తెరిచే కమాండైతే ఏ తెర మీదో చెప్పే ‘డిస్‌ప్లే’, దానికి అనుమతినిచ్చే ‘ఎక్స్అథారిటీ’ కూడా అందించాలి.

ఈ రెండు దారులూ మూసుకుపోయాకే ఎక్స్‌డూటూల్. అప్పుడు కూడా స్లీప్ వద్దు. ‘సెర్చ్ --సింక్ --ఓన్లీవిజిబుల్ --క్లాస్’ అంటే విండో కనిపించేదాకా అదే ఆగుతుంది. తర్వాత ‘విండోయాక్టివేట్ --సింక్’, ఆపైన కీ నొక్కే ‘కీ’. మౌస్ కంటే కీబోర్డ్ షార్ట్‌కట్ నయం, బటన్ జరిగినా అది మారదు. ‘కీ’కి ‘--విండో’ తగిలించి పంపిన అక్షరాలు ఎక్స్‌సెండ్‌ఈవెంట్‌గా వెళ్తాయి. అవి కృత్రిమమని అప్లికేషన్‌కు తెలిసిపోతుంది. ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ అయితే మామూలు సెట్టింగుల్లో వాటిని పట్టించుకోనే పట్టించుకోదు. అందుకే ముందు ఫోకస్ తెచ్చి, ‘--విండో’ లేకుండా పంపాలి.

నీ స్క్రిప్టును కంట్రోల్-ఆల్ట్-పీ షార్ట్‌కట్‌తో మొదలుపెట్టమన్నావు. అక్కడ ఇంకో చిక్కుంది. స్క్రిప్టు మొదలయ్యేసరికి వేళ్లు ఇంకా కంట్రోల్, ఆల్ట్ మీదే ఉంటాయి. నువ్వు పంపిన ‘ఎస్’ అప్లికేషన్‌కు కంట్రోల్-ఆల్ట్-ఎస్‌గా చేరుతుంది. వేలు త్వరగా తీసినవాడికి పనిచేస్తుంది, తీయనివాడికి చేయదు. నొక్కి ఉన్న కంట్రోల్, ఆల్ట్‌లను పక్కన పెట్టే ‘--క్లియర్‌మాడిఫయర్స్’ పెట్టు. నీ ‘ఒక్కోసారి’లో సగం ఇదేనని నా గట్టి అనుమానం.

లైనక్స్‌లో విండోలను తెర మీద చూపే పాత ఎక్స్ వ్యవస్థ స్థానంలోకి వస్తున్న వేలాండ్ మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. అక్కడ ఎక్స్‌డూటూల్‌కు ఎక్స్‌వేలాండ్ (పాత ఎక్స్ అప్లికేషన్లను వేలాండ్‌లో నడిపేది) కింద నడిచే విండోలే అందుతాయి, మిగతావి కనపడవు. అలాంటిదే అయిన వైడూటూల్ కెర్నల్‌లోని యూఇన్‌పుట్ (కృత్రిమ కీబోర్డు, మౌస్ సృష్టించే భాగం) ద్వారా పంపుతుంది కాబట్టి అక్కడా టైప్ చేస్తుంది. కానీ దానికి ఆ డివైస్ మీద పర్మిషన్ కావాలి, పైగా విండోను వెతికిపెట్టడం దానికి చేతకాదు.

సెషన్ ఎక్స్‌దా, వేలాండ్‌దా అన్నది చెప్పే ‘ఎక్స్‌డీజీ_సెషన్_టైప్’ విలువ టెర్మినల్‌లో ఎకో చేసి, నీ మెషీన్‌లో ఏం వచ్చిందో వ్యాసం మొదటి పేరాలోనే రాయి. ‘ఒక్కోసారి’ వాక్యం తీసేసిన ప్రతి నాకు పంపు.