పోస్ట్ తెచ్చే ఆవిడకు క్రిస్మస్‌కు 50 డాలర్ల నోటు ఇవ్వొచ్చా?

కవర్లో 50 డాలర్ల నోటు పెట్టి ఇద్దామనుకుంటున్నానన్నారు కదా, అది మాత్రం వద్దండి. అమెరికాలో పోస్టల్ సర్వీస్ వాళ్లు కేంద్ర ప్రభుత్వ నియమాలకు లోబడి ఉంటారు. నగదు ఎంత చిన్న మొత్తమైనా తీసుకోకూడదు. మీరు ప్రేమగా ఇచ్చినా, ఇబ్బంది పడేది ఆవిడే.

వస్తువైతే ఒక సందర్భానికి 20 డాలర్ల విలువ వరకు ఇవ్వొచ్చు. ఒకే ఇంటి నుంచి ఏడాది మొత్తానికి 50 డాలర్లు దాటకూడదు. కాఫీ షాపు గిఫ్ట్ కార్డు ఫరవాలేదు. వీసా గిఫ్ట్ కార్డులాగా ఎక్కడైనా వాడుకునేవి, డబ్బుగా మార్చుకునేవి కుదరవు.

నన్నడిగితే, మంచులో తిరిగే మనిషికి మంచి ఉన్ని గ్లవ్స్ ఇవ్వండి. ఇంట్లో చేసిన సున్నుండలు కూడా ఇవ్వొచ్చు, కానీ జీడిపప్పు, నెయ్యి వేశామని చిన్న చీటీ మీద రాసి పెట్టండి. అక్కడ నట్స్ పడనివాళ్లు చాలామంది. పోస్ట్ డబ్బాలో పెట్టి వదిలేయకుండా చేతికే ఇస్తే బాగుంటుంది.

ఇంకా చేయాలనిపిస్తే, ఆవిడ పని ఎంత బాగుందో రాసి అక్కడి పోస్ట్‌మాస్టర్‌కు ఒక ఉత్తరం పంపండి. దానికి ఏ పరిమితీ లేదు.