సాకిన డేగను వదిలిపెట్టొచ్చా?

ప్రశ్న: మా చిన్నాయన అబుదాబిలో ఒక షేక్ దగ్గర డేగల్ని చూసుకునే పనిలో ఉన్నాడు. అడవిలో పట్టిన డేగలతో చలికాలమంతా వేటాడించి, తర్వాత వదిలేస్తారంట. ఈడ గాలివానకు వేపచెట్టు మీంచి పడిన డేగపిల్లను మా వీధి పిల్లోళ్లు తెచ్చిచ్చినారు. పెద్దయ్యేదాకా సాకి మేమూ అట్లే వదలొచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: వద్దు తల్లీ. మీ చిన్నాయన చూసే డేగ వేరు, మీ ఇంట్లో ఉన్న పిల్ల వేరు.

ఆ డేగ వలలో పడేనాటికే గూడు వదిలి, సొంతంగా వేటాడి కడుపు నింపుకుంటూ ఉంటుంది. మనిషి దానికి కొత్తగా వేట నేర్పడు. చేతి తొడుగు మీద వాలితే మాంసం దొరుకుతుందని అలవాటు చేస్తాడు, అంతే. రోజూ తూకం వేస్తాడు. కడుపు నిండిన డేగ పిలిస్తే రాదు, మరీ చిక్కిపోతే ప్రాణానికే ముప్పు. మొదట పొడుగు దారం కట్టి పిలుస్తాడు, నమ్మకం కుదిరాక దారం తీసేస్తాడు. ఆ తర్వాత ఎగిరిన ప్రతిసారీ అది వెళ్లిపోగలదు. కుక్కలా యజమానిని అంటిపెట్టుకునే జీవి కాదది. నాకు ఈ విద్యలో గౌరవం కలిగించేది అదే.

వదలడానికీ పద్ధతుంది. అబుదాబిలో ఆ దేశపు తొలి అధ్యక్షుడు షేక్ జాయెద్ పేరిట 1995 నుంచి నడుస్తున్న కార్యక్రమంలో వేటకాలం అయ్యాక సేకర్, బైరి అనే జాతుల డేగలను వైద్యులు పరీక్షిస్తారు. బాగా మేపి, ఎగిరించి, కండ పట్టిస్తారు. గుర్తుపట్టేందుకు చిప్ పెట్టి, కొన్నిటికి ఎక్కడ తిరుగుతున్నాయో తెలిపే ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ కూడా కట్టి, కజకిస్థాన్ లాంటి చోట్లకు తీసుకుపోయి వదులుతారు.

మీ పిల్లకు వేటే తెలియదు. మన చేత్తో మేపితే మనిషినే తన జాతి అనుకుంటుంది. ఆకలేసినప్పుడల్లా ఎవరో ఒకరి భుజం మీద వాలబోయి దెబ్బలు తింటుంది. అమెరికాలో పెంచిన బైరి డేగపిల్లల్ని వేలకొద్దీ వదిలిన మాట నిజమే. అక్కడ మనిషి కంటబడకుండా తిండి అందించారు. ఇంట్లో అది కుదరదు.

దెబ్బ తగలకపోతే ఈరోజే బుట్టలో ఎండుగడ్డి పరిచి, పిల్లను అందులో పెట్టి అదే చెట్టుకు కట్టించండి. మనిషి తాకితే తల్లి దగ్గరికి రాదన్నది ఉత్త మాట. దూరం నుంచి గమనించండి. తల్లి రాకున్నా, రెక్క వేలాడుతున్నా అటవీశాఖకు కబురు చేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం డేగను ఇంట్లో ఉంచుకోవడం నేరం కూడా. ఈలోగా పాలు, అన్నం పెట్టొద్దు. పిల్లోళ్లను మాత్రం కోప్పడకండి, కుక్కల పాలు కాకుండా కాపాడినారు.