ఆస్కన్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వ్యాసం అందింది. సబ్జెక్టు మంచిది పట్టావు. కానీ మొదటి పేజీ నిండా రోమ్‌ని తిట్టిపోశావు, అది కొట్టెయ్. ఆస్కన్, అంబ్రియన్, ఫాలిస్కన్ అనే ప్రాచీన ఇటలీ భాషలు మాట్లాడినవాళ్ల గొంతు ఒక్కసారైనా వినిపించకుండానే వాటి చావుకి ఏడవమంటే పాఠకుడికి ఏడుపెలా వస్తుంది?

ముందు వాళ్లని మాట్లాడనీ. అవెల్లా రాతిశాసనాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే అక్కడే తిష్ట వేస్తాను. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిది. నోలా, అబెల్లా (ఇప్పటి అవెల్లా) అనే ఇరుగుపొరుగు ఊళ్ల మధ్య హెర్క్యులస్ గుడి. గుడి ఎవరిది, దాని భూమి ఎవరిది? కూర్చుని ఆస్కన్‌లో ఒప్పందం రాసుకున్నారు. గుడి ఉమ్మడిది. ఖజానా తెరవాలంటే రెండు ఊళ్లూ సరేననాలి, అందులో ఉన్నది ఇద్దరూ పంచుకోవాలి. గుడి మాన్యాల తగాదాలు చూసి పెరిగిన మనకి ఇంతకంటే విడమరచి చెప్పాలా? తర్వాతెప్పుడో ఆ రాయిని ఎవరో గడపగా వేసుకున్నారు. 1745లో గానీ అది పండితుల కంట పడలేదు. ఇక్కడ కవిత్వం వద్దు, జరిగింది రాస్తే చాలు.

రోమ్ బలవంతంగా ఈ భాషల నోరు నొక్కిందన్నావు. యుద్ధాలు జరిగాయి, కాదనను. క్రీ.పూ. 91లో తిరగబడ్డ ఇటలీవాళ్లు వేసిన నాణెం మీద ఎద్దు (ఇటలీ) తోడేలుని (రోమ్) కుమ్ముతుంటుంది, దాని మీద ఆస్కన్ రాత. అయితే అంతకు చాలా ముందే, క్రీ.పూ. 180లో, ఇటలీలోని క్యూమే ఊరివాళ్లు తమంతట తామే రోమ్‌ని అడిగారు: ఊరి అధికార వ్యవహారాలు, వేలంపాటలు లాటిన్‌లో జరుపుకోనివ్వండి అని. రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన చరిత్రలో ఉంది. చూశావా, అడిగి మరీ తెచ్చుకున్నారు! నీ వ్యాసానికి అసలు ముడి ఇదే. దీన్ని ఫుట్‌నోట్‌లో పడేసి, పైన మన ఇంగ్లిష్ మీడియం పోలిక పెట్టావు. ఫుట్‌నోట్ పైకి తే, పోలిక తీసెయ్. అది పాఠకుడికి దానంతటదే తడుతుంది.

ఇంకో మాట. ఆస్కన్ లాటిన్‌కి కూతురు కాదు, తోబుట్టువు. ఇటలీలోనే మాట్లాడిన ఎట్రుస్కన్‌ని కూడా ఇదే కుటుంబంలో కలిపేశావు, అది పూర్తిగా వేరే భాష. ఆస్కన్, అంబ్రియన్ లిపులు ఎట్రుస్కన్ నుంచే వచ్చాయి కాబట్టి చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

ఫాలిస్కన్ తాగుడు గిన్నె జోలికి మాత్రం పోకు. "ఇవాళ వైన్ తాగుతా, రేపు ఉండదు" అన్న ఆ రాత దగ్గర ఏ వ్యాఖ్యానమూ చెయ్యకుండా వదిలేశావే, నీ పేజీలన్నిటిలో నాకు అదే నచ్చింది. అంబ్రియన్‌లో పూజావిధులు చెక్కిన గుబ్బియో కంచు పలకల భాగం ఇంకాస్త పెంచు. పూజలో తప్పు దొర్లితే మళ్లీ మొదటినుంచి చెయ్యాలన్న నియమం అందులో ఉంది, నువ్వు దాన్ని వదిలేశావు.

దిద్దాక పంపు, చూస్తాను.