డొమైన్లు కొనడానికి టాప్-అప్ లోనా?

ప్రశ్న: నా వయసు 34. భార్య, నాలుగేళ్ల పాప. ఇంట్లో సంపాదన నాది ఒక్కడిదే. ఏడాదిన్నరగా కొత్త ఎక్స్‌టెన్షన్లలో (చివర డాట్ కామ్ బదులు డాట్ లోన్స్, డాట్ రెంటల్స్ లాంటివి వచ్చేవి) డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ అడ్రస్‌లు, కొంటున్నాను. ఇప్పటికి 41 ఉన్నాయి. వాటి కోసం తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకా మూడేళ్లు కట్టాలి. ఒక్క పేరు కూడా అమ్మలేదు గానీ, ఆన్‌లైన్ అప్రైజల్ (విలువ అంచనా) ప్రకారం అన్నీ కలిపితే నా మూడేళ్ల జీతమంత విలువ. పట్టిక జతచేశాను. ఇప్పుడు ఒక మంచి ప్రీమియం పేరు అమ్మకానికి వచ్చింది. ధర నా ఎనిమిది నెలల జీతం. పాత లోన్ మీద టాప్-అప్ ఇస్తామని బ్యాంకు అంటోంది. ఖాతాలో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బుంది. మరీ అవసరమైతే రెండు మూడు డొమైన్లు అమ్ముకుంటాను కాబట్టి ఎమర్జెన్సీ ఫండ్ విడిగా అక్కర్లేదనుకుంటున్నాను. కొనమంటారా?

జవాబు: వద్దు. ఈ ఒక్క మాటతో ముగించేవాణ్ణే గానీ, 'మరీ అవసరమైతే అమ్ముకుంటాను' అన్న మీ మాట దగ్గర ఆగిపోయాను. స్థలం కొన్నవాళ్లు, క్రిప్టో కొన్నవాళ్లు, స్నేహితుడి వ్యాపారంలో వాటా తీసుకున్నవాళ్లు కూడా నాకు సరిగ్గా ఇదే రాస్తుంటారు. వాళ్లందరిలోకీ బలహీనమైన కేసు మీది. బంగారానికి ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక ధర చెప్పి కొనేవాడుంటాడు. డొమైన్‌కు అలా కాదు. సరిగ్గా ఆ పేరే కావాలనుకునే మనిషి ఒకడుండాలి. అతని దగ్గర డబ్బుండాలి. మీకు ఉద్యోగం పోయిన నెలలోనే అతనికి ఆ కోరిక పుట్టాలి.

డొమైన్ల వ్యాపారం చేసేవాళ్లు తమలో తాము చెప్పుకునే లెక్క ఒకటుంది: చేతిలో ఉన్న పేర్లలో ఏడాదికి నూటికి ఒకటో రెండో అమ్ముడవుతాయి. అది కూడా డాట్ కామ్ పేర్లు బాగా ఉన్నవాళ్ల లెక్క. మీ 41కి రెండు శాతం వేసుకున్నా ఏడాదికి ఒక్క పేరు కూడా నిండదు. ఒక శాతమైతే రెండున్నరేళ్లకు ఒకటి. ఏడాదిన్నరలో ఒక్కటీ అమ్ముడుపోకపోవడం మీ దురదృష్టమేమీ కాదు. ఆ లెక్క ప్రకారం జరగాల్సిందే జరిగింది.

మీ పట్టిక చూశాను. పేరు, కొన్న ధర, అప్రైజల్ విలువ. మూడు గళ్లూ శ్రద్ధగా నింపారు. రెన్యువల్ తేదీ, రెన్యువల్ ఫీజు అనే గళ్లు మాత్రం లేవు. పేరుకు సగటున 30 డాలర్లు వేసుకున్నా 41 పేర్లకు ఏడాదికి 1,230 డాలర్లు. రాబడి సున్నా అయినా ఈ బిల్లు మాత్రం తప్పదు. 'డిజిటల్ రియల్ ఎస్టేట్' అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లను ఒకసారి కలవాలనుంది. ఏ పేరైనా ఒకసారికి గరిష్ఠంగా పదేళ్లకు రిజిస్టర్ చేసుకోగలరు, అంతే. కట్టడం మానేస్తే ఏవో కొన్ని గ్రేస్ రోజులు, ఆ తర్వాత జరిమానాతో వెనక్కి తెచ్చుకునే 30 రోజులు, చివరికి ఆ పేరు మళ్లీ అందరిదీ అవుతుంది. పైగా స్థలం పక్కన ఇంకో స్థలాన్ని ఎవరూ పుట్టించలేరు. ఇక్కడ పుట్టించగలరు. 2012లో ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ) కొత్త ఎక్స్‌టెన్షన్లకు దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి. ఒక్కోదానికి ఫీజు 1,85,000 డాలర్లు. వాటిలోంచి వెయ్యికి పైగా కొత్త ఎక్స్‌టెన్షన్లు వచ్చాయి. తర్వాతి రౌండ్ 2026లో, ఫీజు 2,27,000 డాలర్లు. మీరు కార్నర్ ప్లాట్ అనుకుని కొన్నదాని పక్కన ఇన్ని కొత్త వీధులు వేస్తుంటే అది కార్నర్‌గా ఎన్నాళ్లుంటుంది?

పెద్ద అమ్మకాల సంగతి మీరు అడగకపోయినా అడిగినట్టే. 2018లో హోమ్ డాట్ లోన్స్ 5,00,000 డాలర్లకు, వెకేషన్ డాట్ రెంటల్స్ 5,00,300 డాలర్లకు అమ్ముడయ్యాయి. (ఆ చివరి 300తో మొదటిదాని ధర దాటింది. దాటితే అదో వార్త.) ఆ రెండు పేర్లనూ జాగ్రత్తగా చూడండి. చుక్కకు అటూ ఇటూ కలిపి చదివితే అదే ఒక వ్యాపారం పేరు. అలాంటివి ఒక్కో ఎక్స్‌టెన్షన్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి, వాటిని రిజిస్ట్రీలు (ఒక్కో ఎక్స్‌టెన్షన్‌ను నడిపే సంస్థలు) ముందే ప్రీమియం అని పక్కన పెట్టుకుంటాయి. కొన్నిటిని రిజిస్ట్రీలే నేరుగా అమ్ముకుంటాయి కూడా. వార్తలో కనిపించే ప్రతి పెద్ద మొత్తం మీలాంటి వ్యక్తి జేబులోకి వెళ్లిందనుకోకండి. అమ్ముడైన పేర్లకే జాబితా ఉంటుంది. రెన్యువల్ కట్టలేక వదిలేసిన పేర్లకు ఎవరూ జాబితా వేయరు.

డాట్ ఏఐ మాటేమిటంటారేమో. నిజమే, 2023లో యూ డాట్ ఏఐ 7,00,000 డాలర్లకు పోయింది. అయితే అది కొత్త ఎక్స్‌టెన్షన్ కాదు. మనకు డాట్ ఇన్ ఉన్నట్టు అది అంగ్విల్లా అనే చిన్న ద్వీపపు కోడ్, 1995 నుంచీ ఉంది. కృత్రిమ మేధ హడావుడి మొదలవకముందు కొనిపెట్టుకున్నవాళ్లకు కలిసొచ్చింది. ఇప్పుడు అప్పు చేసి ఆ వరసలో నిలబడితే మీరు కొనేది వాళ్లు అమ్మేదే.

ఇక అప్రైజల్. ఒక యంత్రం ఇచ్చే అంకె అది. ఆ ధరకు కొంటారా అని ఆ యంత్రాన్నే అడిగి చూడండి. ఇంకో మాట: 'మీ పేరు కొంటాను, ముందు ఫలానా చోట డబ్బు కట్టి అప్రైజల్ సర్టిఫికెట్ తీసుకోండి' అని మెయిల్ వస్తే అది పాత మోసం. సర్టిఫికెట్ ఫీజు కట్టాక కొనేవాడు మాయమవుతాడు.

మీరు కొనాలనుకుంటున్న ప్రీమియం పేరు గురించి ఒక్క ప్రశ్న. రెన్యువల్ మామూలు ధరకా, ప్రీమియం ధరకా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. కొన్ని ప్రీమియం పేర్లకు మొదటి ఏడాదే ఎక్కువ, కొన్నిటికి ప్రతి ఏడాదీ ఎక్కువే. డాట్ కామ్ టోకు ధర ఎంత పెంచవచ్చో ఒప్పందంలో పరిమితి ఉంది. కొత్త ఎక్స్‌టెన్షన్లకు ఆ పరిమితి లేదు, ఆరు నెలల ముందు నోటీసు ఇస్తే చాలు. నా సొంత అనుభవం చెబుతాను. మొదటి ఏడాది కారుచౌక అని నా ఆఫీసుకు ఇలాంటి పేరే ఒకటి తీసుకున్నాను. రెండో ఏడాది బిల్లు దాదాపు పదింతలు. అదొక ఎత్తయితే, ఫోన్లో అడ్రస్ చెప్పిన ప్రతిసారీ 'చివర డాట్ కామ్ కదండీ?' అని అడిగేవారు. అడగనివాళ్లు వాళ్లే డాట్ కామ్ తగిలించి మెయిల్ పంపేవారు. ఒక క్లయింట్ కాగితాలు అలా ఎటో పోయాక ఆ పేరు వదిలేశాను. వ్యాపారం చేసుకునేవాడు ఈ పేర్లకు ఎందుకు పెద్ద ధర పెట్టడో అప్పుడు తెలిసింది.

అసలు విషయానికొస్తాను. డాట్ వెడ్ అని పెళ్లి వెబ్‌సైట్ల కోసం ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. 2017 చివర్లో దాని రిజిస్ట్రీ నడవలేక, ఐకాన్ ముందే సిద్ధంగా పెట్టుకున్న అత్యవసర నిర్వాహకుడికి అప్పగించాల్సి వచ్చింది. 2012 రౌండ్‌లో దరఖాస్తు చేసిన ప్రతి సంస్థా తాను మూతపడినా మూడేళ్లు కనీస సేవలు నడిచేందుకు సరిపడా ఆర్థిక హామీ చూపాలన్నది ఐకాన్ నియమం. మీకు పేర్లు అమ్మేవాళ్లకు మూడేళ్ల ఎమర్జెన్సీ ఏర్పాటు. కొన్న మీకు, ఒక్కడి జీతం మీద ముగ్గురు బతికే ఇంటికి, ఒక నెల!

జీతం ఆగిన రెండో నెలలో ఏం జరుగుతుందో చూడండి. ఈఎంఐ బౌన్స్. ఇంటి ఖర్చు క్రెడిట్ కార్డు మీదికి. రిజిస్ట్రార్ (మీరు పేర్లు రిజిస్టర్ చేసుకున్న కంపెనీ) నుంచి వరసగా రెన్యువల్ మెయిళ్లు. అమ్ముదామని ధర సగానికి తగ్గిస్తారు, అయినా ఎవరూ రారు. ఒక్కో పేరూ గడువు దాటి చేజారుతుంది, అప్పు మాత్రం రోజు కూడా తగ్గకుండా మిగులుతుంది. దీనికి టాప్-అప్ కూడా తోడైతే నేను చెప్పగలిగేదేమీ ఉండదు. తాకట్టు లేని అప్పు తెచ్చి, బ్యాంకు తాకట్టుకు కూడా ఒప్పుకోని వస్తువు కొనడం పెట్టుబడి ఎలా అవుతుందండీ?

కాబట్టి ఈ వారమే రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి 41 పేర్లకూ ఆటో రెన్యువల్ తీసేయండి. మీరే స్వయంగా సైట్ పెట్టి వాడుకోగలరనుకున్న నాలుగైదు ఉంచుకోండి. మిగతావాటిని గడువు వరకు ఎంతకైనా అమ్మకానికి పెట్టండి, పోకపోతే వదిలేయండి. కట్టిన డబ్బు గుర్తొచ్చి చెయ్యి ఆడదు, తెలుసు. అయినా వదలండి. ఆదా అయిన రెన్యువల్ సొమ్ము, కొత్త పేర్ల కోసం నెలనెలా తీసేది, బోనస్ వస్తే అదీ, అన్నీ విడిగా ఒక ఖాతాలోకి వెళ్లాలి. దానికి ఫోన్ యాప్ కూడా పెట్టుకోకండి. లక్ష్యం ఆరు నెలల ఖర్చులు, ఈఎంఐతో కలిపి. చాలామంది ఈఎంఐ కలపడం మర్చిపోతారు. మూడు నెలలది పోగయ్యేదాకా లోన్ ముందుగా తీర్చే ఆలోచన కూడా వద్దు, తర్వాత చూద్దాం. టర్మ్ పాలసీ లేకపోతే లోన్ మొత్తం కూడా కలిసేలా తీసుకోండి. ఫండ్లు, షేర్లు అన్నీ ఆ తర్వాతే.

టాప్-అప్‌కు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే రద్దు చేయమని ఈరోజే బ్యాంకుకు మెయిల్ పెట్టండి. పేరు అమ్మేవాడు 'రేపటికి ధర పెరుగుతుంది' అంటాడు. పెరగనివ్వండి.